సముద్రం పక్కన కాపురం: దుబాయ్ మెరీనాకు వెళ్తున్న విజయవాడ, గుంటూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

దుబాయ్‌లో ఉద్యోగం వచ్చి మెరీనా, జుమేరా బీచ్ రెసిడెన్స్ ప్రాంతాల్లో ఇల్లు తీసుకుందామనుకునేవారూ, వారిని పంపుతున్న తల్లిదండ్రులూ విజయవాడలోనూ గుంటూరులోనూ నన్ను అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఒకచోట చేర్చాను. అన్నిటికంటే ముందు ఒక మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. అక్కడ మనకుండే నివాస హక్కు చాలామటుకు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. కాబట్టి ఇంటి ఒప్పందమైనా, బడి ఫీజైనా, బ్యాంకు అప్పైనా, మధ్యలో వదులుకోవలసి వస్తే ఎంత నష్టంతో బయటపడతామో లెక్క వేసుకున్న తరవాతే సంతకం చేయాలి.

మెరీనా ఎలాంటి ప్రాంతం? మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడేనా?

మెరీనా అనేది సముద్రపు నీటిని లోపలికి మళ్ళిస్తూ తవ్విన సుమారు 3 కిలోమీటర్ల కాలువకు రెండు వైపులా కట్టిన ఎత్తయిన భవనాల ప్రాంతం. దానికి సముద్రం వైపున, ఇసుక తీరాన్ని ఆనుకుని ఉన్నదే జుమేరా బీచ్ రెసిడెన్స్. తెలుగు కుటుంబాలు ఎక్కువగా కనిపించేది మాత్రం బర్ దుబాయ్, కరామా, అల్ నహ్దా ప్రాంతాల్లోనూ పక్కనున్న షార్జాలోనూ. కరివేపాకు, గోంగూర, ములక్కాడలు, పూజకు పూలు వంటివి ఇంటి కిందికి దిగితే దొరకాలనుకునేవారికి కరామాయే సుఖం. ఆఫీసు మీడియా సిటీ, ఇంటర్నెట్ సిటీ, జెబెల్ అలీ వైపు ఉండి, సాయంత్రం పిల్లలను తీరానికి నడిపించుకుంటూ తీసుకెళ్ళాలనుకునేవారికి మెరీనా అనువైనది. ఆఫీసు నగరపు అవతలి కొసనున్న దేరా వైపు ఉండగా సముద్రం కనిపిస్తుందని మెరీనాలో ఇల్లు తీసుకుంటే ఆ సముద్రాన్ని చూసే తీరిక మిగలదు.

బయలుదేరే ముందు ఇక్కడ సిద్ధం చేసుకోవలసిన కాగితాలు ఏవి?

డిగ్రీ పట్టా, వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు ముఖ్యమైనవి. వీటికి మొదట రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తరవాత భారత విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయ ధ్రువీకరణ, చివరగా అక్కడికి వెళ్ళాక ఆ దేశ విదేశాంగ శాఖ ముద్ర వరుసగా పడాలి. అపోస్టిల్ ముద్ర (చాలా దేశాలు ఒప్పుకునే అంతర్జాతీయ ధ్రువీకరణ) ఒక్కటే ఉంటే చాలదు. మన ప్రాంతంలో ఎక్కువగా ఆలస్యమయ్యేది వివాహ ధ్రువపత్రం దగ్గర. శుభలేఖ, కల్యాణ మండపం రసీదు, ఆల్బమ్ ఉంటాయి గాని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పెళ్ళి నమోదు చేయించుకోని దంపతులు ఎందరో ఉన్నారు. భర్త వెళ్ళి ఉద్యోగంలో చేరాక ఈ లోటు బయటపడితే ఇద్దరూ కలిసి సంతకం చేయడానికి ఆయన మళ్ళీ సెలవు పెట్టి రావలసి ఉంటుంది. కనుక ఉద్యోగ ప్రతిపాదన లేఖ అందిన వారంలోనే ఆ పని ముగించుకోవాలి.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ, పిల్లల జనన పత్రంలో అసలు లేకుండానూ ఉండడం మన ఇళ్ళలో మామూలే. అవన్నీ ఒకే రూపంలోకి తెచ్చుకున్న తరవాతే ధ్రువీకరణకు పంపండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు ఉన్నవారిని 2022 నవంబరు నుంచి విజిట్ వీసాపై అనుమతించడం లేదు. తల్లిదండ్రులను తరవాత పిలిపించుకోవాలనుకునేవారు వాళ్ళ పాస్‌పోర్టులు కూడా ఇప్పుడే చూసుకోవాలి.

పదో తరగతి పాసవని కారణంగా పాస్‌పోర్టుపై ఈసీఆర్ (వలస అనుమతి అవసరమనే) ముద్ర ఉన్నవారు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా అనుమతి పొందాలి. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల వరకు ప్రమాద బీమా వర్తిస్తుంది. ఆ దేశ చట్టం ప్రకారం వీసా ఖర్చులు యజమానివే. వాటి పేరుతో ఇక్కడ లక్షలు అడిగే ఏజెంటును నమ్మకండి.

సామానులో ఏమి తీసుకువెళ్ళవచ్చు, ఏమి తీసుకువెళ్ళకూడదు?

గసగసాలు తీసుకువెళ్ళకూడదు. మసాలా డబ్బాలో ఒక గడి నిండా ఉన్నా, కూరపొడిలో కలిపి ఉన్నా అది యూఏఈ చట్టం ప్రకారం నిషిద్ధ వస్తువే. అమ్మలు ప్రేమతో సర్దే మసాలా పొట్లాల్లో ఇది ఉందేమోనని సూట్‌కేసు మూసేముందు ఒకటికి రెండుసార్లు అడిగి తీరాలి. గుట్కా, ఖైనీ, తమలపాకులతో సహా పాన్ సరంజామా కూడా వద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కొన్ని నిద్ర మాత్రలు అక్కడి ఆరోగ్య శాఖ ముందస్తు అనుమతి లేకుండా చేతిలో ఉంటే కేసు అవుతుంది. రోజూ వాడే మందులు ఏవైనా డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగులోనే తీసుకువెళ్ళాలి.

గుంటూరు కారం, ఆవకాయ, గోంగూర పచ్చడి నిరభ్యంతరంగా వెళ్తాయి. చెక్-ఇన్ సామానులో పెట్టి, మూతకు గట్టిగా ప్లాస్టిక్ చుట్టి, జాడీకి బదులు ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. ఒకేసారి ఏడాదికి సరిపడా కారం పట్టుకెళ్ళవలసిన పని లేదు. సముద్రతీరపు తేమకు మూత తీసిన కారం గడ్డకడుతుంది, ఫ్రిజ్‌లో పెడితేనే రంగు నిలుస్తుంది.

ఎక్కడి నుంచి విమానం ఎక్కాలి?

గన్నవరం నుంచి షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ నేరుగా విమానాన్ని 2022 అక్టోబరు 31న ప్రారంభించింది. ప్రయాణించే నెలలో ఏ రోజుల్లో నడుస్తోందో చూసుకుని టికెట్ తీసుకోండి. అది కుదరకపోతే శంషాబాద్ నుంచి దుబాయ్‌కి రోజూ విమానాలున్నాయి. షార్జాలో దిగేవారు మెరీనా అక్కడికి దుబాయ్ నగరం అవతలి కొసన ఉందని గుర్తుంచుకుని, ఆఫీసు వేళల రద్దీ తప్పించుకునేలా చూసుకోవాలి.

దిగగానే ఇల్లు అద్దెకు తీసుకోవచ్చా?

తొందరపడవద్దు. ముందు వైద్య పరీక్ష జరగాలి. అందులో రక్త పరీక్షతోపాటు క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఆ తరవాత నివాస వీసా, ఎమిరేట్స్ ఐడీ వస్తాయి. బ్యాంకు ఖాతా తెరిచి చెక్కు పుస్తకం తీసుకోవాలన్నా, దీర్ఘకాలపు అద్దె ఒప్పందం చేసుకోవాలన్నా ఇవే ఆధారం. ఈ పనులు జరిగేలోగా నెలవారీ ఫర్నిష్డ్ గదిలోనో, కంపెనీ ఇచ్చిన వసతిలోనో ఉండి, సాయంత్రాలు నాలుగైదు భవనాలు తిరిగి చూడడం మంచిది.

ఇంటి ఒప్పందాన్ని దుబాయ్ భూమి శాఖ వారి ఎజారీ వ్యవస్థలో నమోదు చేయించాలి. ఈ నమోదు లేకపోతే కరెంటు, నీటి కనెక్షను రాదు, కుటుంబ వీసా రాదు, వివాదం వస్తే న్యాయస్థానం ముందు నిలబడే ఆధారమూ ఉండదు. 'ఎజారీ తరవాత చూద్దాం, కాస్త తక్కువకు ఇస్తాను' అనే యజమాని దగ్గర ఇల్లు తీసుకోకండి.

అద్దె కాక మొదటి నెలలో చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

మన వాళ్ళు ఎక్కువగా తప్పు అంచనా వేసేది ఇక్కడే. విజయవాడలో ఒకటి రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి, ప్రతి నెలా అద్దె కడుతూ పోతాం. దుబాయ్‌లో ఏడాది మొత్తం అద్దెను ముందు తేదీలు వేసిన చెక్కుల రూపంలో తాళంచెవి తీసుకునే రోజే అప్పగించాలి. అవి ఒకటి, రెండు, నాలుగు, ఆరు లేదా పన్నెండు ఉండవచ్చు. చెక్కుల సంఖ్య తగ్గేకొద్దీ అద్దె తగ్గించమని బేరమాడే వీలు పెరుగుతుంది.

ఉదాహరణకు ఏడాది అద్దె 1,00,000 దిర్హాములు, నాలుగు చెక్కులు అనుకుందాం. మొదటి చెక్కు 25,000. ఫర్నిచరు లేని ఇంటికి డిపాజిట్ సాధారణంగా అద్దెలో 5 శాతం, అంటే 5,000. ఫర్నిచరుతో ఉంటే 10 శాతం. ఏజెంటుకు 5 శాతం కమిషను, దానిపై 5 శాతం వ్యాట్ కలిపి 5,250. కరెంటు, నీళ్ళు ఇచ్చే సంస్థను మనవాళ్ళు 'దేవా' అంటారు. దానికి అపార్ట్‌మెంటు అయితే 2,000 డిపాజిట్. ఎజారీ రుసుము సుమారు 220. చిల్లర్ (భవనానికి చల్లదనం అందించే) సంస్థ డిపాజిట్ లేకుండానే ఇది 37,000 దాటింది. ఇంట్లో పరుపు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఇంకా కొననే లేదు. దిర్హాము విలువను 1997 నుంచి డాలరుకు 3.6725గా కట్టి ఉంచారు కనుక మన రూపాయి డాలరుతో తగ్గినప్పుడల్లా ఇక్కడి నుంచి పంపే సొమ్ముకు అక్కడ విలువ తగ్గుతుంది. మొదటి ఖర్చులకు ఇంటినుంచి డబ్బు పట్టుకెళ్ళేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతి నెలా వచ్చే దేవా బిల్లును కూడా ఒకసారి వరుస వరుసా చదవండి. కరెంటు, నీళ్ళు, మురుగునీటి రుసుము అయ్యాక 'హౌసింగ్ ఫీ' అని మరో వరుస ఉంటుంది. అది ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండు భాగాలు చేసి మునిసిపాలిటీ వసూలు చేసే సొమ్ము. పై ఉదాహరణలో నెలకు సుమారు 417 దిర్హాములు. దీపం వెలిగించకపోయినా ఆ మొత్తం వస్తుంది.

'చిల్లర్ ఫ్రీ' అంటే ఏమిటి?

ఎత్తయిన భవనాల్లో ప్రతి ఇంటికీ విడివిడిగా ఏసీ యంత్రం ఉండదు. ఎంపవర్ వంటి సంస్థలు ఒక కేంద్రంలో చల్లబరిచిన నీటిని గొట్టాల ద్వారా భవనాలకు పంపిస్తాయి. ఆ ఖర్చు యజమాని భరిస్తే 'చిల్లర్ ఫ్రీ' అంటారు. అద్దెదారు భరించేటట్లయితే బిల్లులో రెండు భాగాలుంటాయి. ఒకటి వాడకానికి, రెండోది ఆ ఇంటికి కేటాయించిన సామర్థ్యానికి. ఆ రెండోది మీరు ఎండాకాలం సెలవులకు నెలన్నరపాటు గుంటూరు వచ్చి ఇల్లు తాళం వేసినా కట్టవలసిందే. అద్దె తక్కువగా కనిపించే సముద్రముఖపు ఇళ్ళలో గాజు గోడలు ఎక్కువగా ఉంటే చల్లదనం ఖర్చు ఆ తేడాను మింగేస్తుంది. యజమానిని, కుదిరితే పాత అద్దెదారును అడిగి ఆగస్టు నెల బిల్లు చూడకుండా నిర్ణయం తీసుకోకండి.

సముద్రం పక్క ఇల్లు చూసేటప్పుడు ప్రత్యేకంగా గమనించవలసినవి ఏవి?

మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళి చూడండి. బాల్కనీ తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీని వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంటే తేమ గాలి, ఇసుక లోపలికి వస్తున్నాయని అర్థం. ఆ తలుపు బందులపై తుప్పు చారలు ఏ మేరకు ఉన్నాయో చూడండి. వంటగది సింకు కింద అల్మరా తెరిచి, వెనక చెక్కపై నల్లని చుక్కలున్నాయేమో టార్చితో వెతకండి. పడకగదిలో గోడలోకి అమర్చిన బట్టల అల్మరా వెనక వాసన చూడండి. కొత్త రంగు వేసిన ఇంట్లో బూజు కంటికి కనిపించదు గాని వాసన దాగదు. ఏసీ గాలి వచ్చే జాలీ చుట్టూ పసుపు మరక ఉంటే లోపల నీళ్ళు కారుతున్నాయని గుర్తు. వీటన్నిటినీ ఫోటోలు తీసి, తాళంచెవి తీసుకునే రోజే యజమానికి ఈమెయిలులో పంపి ఉంచండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ నుంచి కోత పడకుండా కాపాడేది ఆ ఈమెయిలే.

అక్కడి వేసవిలో ఏసీ పూర్తిగా ఆపి ఊరికి రాకూడదు. ఉష్ణోగ్రత కాస్త పెంచి, నడుస్తూనే ఉంచాలి. లేకపోతే తిరిగి వెళ్ళేసరికి తోలు చెప్పులు, పట్టుచీరలు బూజు పట్టి ఉంటాయి. బాల్కనీలో బయటికి కనబడేలా బట్టలు ఆరవేయడం చాలా భవనాల్లో నిషేధం, మునిసిపాలిటీ జరిమానా కూడా పడవచ్చు. వడియాలు పెట్టుకునే ఆశ కూడా మానుకోవాలి, ఎండ ఉన్నా తేమ వాటిని ఆరనివ్వదు.

ఏడాది తిరిగేసరికి యజమాని అద్దె పెంచితే, లేదా ఖాళీ చేయమంటే?

ఒప్పందంలో మార్పు కోరేవారు గడువుకు కనీసం 90 రోజుల ముందు తెలియజేయాలి. పెంపుకు 2013 నాటి 43వ డిక్రీ పరిమితులు పెట్టింది. మీ అద్దె ఆ ప్రాంతపు సగటుకంటే 10 శాతం వరకు మాత్రమే తక్కువైతే పెంపు ఉండదు. 11 నుంచి 20 శాతం తక్కువైతే 5 శాతం, 30 వరకు అయితే 10 శాతం, 40 వరకు అయితే 15 శాతం, అంతకు మించితే 20 శాతం వరకు పెంచవచ్చు. సగటు ఎంతో భూమి శాఖ అద్దె సూచికలో చూసుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఆ సూచిక భవనాన్ని బట్టి లెక్క కడుతోంది.

స్వంత వాడకానికి, అమ్మకానికి ఇల్లు కావాలంటే యజమాని 12 నెలల ముందు నోటరీ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో నోటీసు ఇవ్వాలి. వాట్సాప్ సందేశం చెల్లదు. స్వంత వాడకమని చెప్పి ఖాళీ చేయించిన నివాస గృహాన్ని రెండేళ్ళపాటు మరొకరికి అద్దెకు ఇవ్వకూడదు. తగవు తేలకపోతే దేరాలోని అద్దె వివాదాల కేంద్రానికి వెళ్ళవచ్చు, రుసుము ఏడాది అద్దెలో 3.5 శాతం. మన పిల్లలు సంకోచంతో, భయంతో యజమాని చెప్పిందానికల్లా తల ఊపి ఇల్లు మారడం నాకు బాధ కలిగిస్తుంది. చట్టం అద్దెదారుకు ఇచ్చిన రక్షణను వాడుకోవడంలో తప్పేమీ లేదు.

బ్రహ్మచారి అబ్బాయి, ఖర్చు తగ్గించుకోవడానికి షేరింగ్‌లో ఉండవచ్చా?

ఉండవచ్చు గాని చట్టబద్ధంగా ఉండాలి. హాలును చెక్కలతో విడగొట్టి అద్దెకిచ్చే 'పార్టిషన్' గదులు అనుమతి లేనివి. తనిఖీలో పట్టుబడితే ఉన్నపళంగా బయటికి రావలసి ఉంటుంది. ఎవరితో కలిసి ఉన్నా, ఒప్పందం ఉన్న వ్యక్తి సహనివాసులుగా అందరి పేర్లనూ 'దుబాయ్ రెస్ట్' యాప్‌లో నమోదు చేయాలి. మీ పేరు అక్కడ కనబడుతోందో లేదో ఎమిరేట్స్ ఐడీతో సరిచూసుకోండి.

బుడమేరు వరద చూసినవాళ్ళం, సముద్రం పక్కన భయం లేదా?

2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ పరిసరాల్లో నీళ్ళలో గడిపిన కుటుంబాలవారు అడిగే ఈ ప్రశ్న సమంజసమైనదే. అదే ఏడాది ఏప్రిల్ 16న యూఏఈలో, 1949లో వర్షపాతం నమోదు మొదలైన నాటినుంచి ఎన్నడూ లేనంత వాన కురిసింది. అల్ ఐన్ ప్రాంతంలో ఒక్కరోజులోపే 254 మిల్లీమీటర్లు నమోదైంది. దుబాయ్‌లో రోడ్లు, నేలమాళిగ పార్కింగులు మునిగాయి, లిఫ్టులు ఆగాయి. ఆ ముంపు సముద్రం పొంగడం వల్ల వచ్చింది కాదు. అరుదుగా వాన పడే ఊరికి అంత నీటిని లాగే కాలువలు లేకపోవడమే కారణం. కనుక ఇల్లు చూసేటప్పుడు ఆ రోజు ఈ భవనంలో ఏమి జరిగిందని కాపలాదారును అడగండి. కారు బీమాలో ప్రకృతి వైపరీత్యాలు కలిసి ఉన్నాయో లేదో పాలసీలో చదవండి.

ఎండను తట్టుకోగలమా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే ఊరి నుంచి వెళ్ళేవారికి ఎండ కొత్త కాదు. కొత్తది ఆ ఎండతో కలిసి వచ్చే తేమ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సూర్యాస్తమయం తరవాత కూడా గాలి చల్లబడదు, కళ్ళజోడు అద్దాలు బయట అడుగుపెట్టగానే మసకబారతాయి. ఆరుబయట పని చేసేవారికి జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.00 వరకు పని నిషేధం ఉంది. నవంబరు నుంచి మార్చి వరకు మాత్రం ఆ తీరమంత హాయి అయిన చోటు తక్కువ. తల్లిదండ్రులను పిలిపించుకోవడానికి ఆ నెలలే ఎంచుకోండి.

భార్యాపిల్లలను ఎప్పుడు తీసుకువెళ్ళవచ్చు? బడి సంగతి ఏమిటి?

జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తోపాటు వసతి ఉంటే కుటుంబాన్ని స్పాన్సర్ చేయవచ్చు. ఇది చట్టపు కనీసం మాత్రమే, మెరీనాలో కాపురానికి చాలే మొత్తం కాదు. దుబాయ్‌లో ఆరోగ్య బీమా తప్పనిసరి. ఉద్యోగికి యజమాని తీయాలి, స్పాన్సర్ చేసిన కుటుంబానికి చాలాచోట్ల ఉద్యోగే తీసుకోవలసి వస్తుంది. ఆఫర్ లేఖ మీద సంతకం చేసే ముందే ఈ విషయం తేల్చుకోండి.

భారతీయ పాఠ్యప్రణాళిక బడులు ఏప్రిల్‌లో, బ్రిటిష్, అమెరికన్ బడులు ఎక్కువగా సెప్టెంబరులో మొదలవుతాయి. ప్రైవేటు బడుల తనిఖీ నివేదికలను కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ప్రచురిస్తుంది, వాటిని చదవండి. అరబేతర పిల్లలకు కూడా అరబిక్ పాఠ్యాంశం తప్పనిసరి. మళ్ళీ ఎప్పుడైనా ఇక్కడికి రావలసి వస్తే చదువు తెగకుండా ఉండాలంటే భారతీయ బోర్డే క్షేమమని నా అభిప్రాయం. ఇక తెలుగు చదవడం, రాయడం ఇంట్లో మీరు నేర్పవలసిందే. ఆ బాధ్యతను బడి మీదికి నెట్టకండి.

ప్రయాణం ఎలా? మన లైసెన్సు పనికి వస్తుందా?

మెట్రో ఎర్ర లైను మెరీనా మీదుగా వెళ్తుంది. 2014 నవంబరులో మొదలైన ట్రామ్ మెరీనా, బీచ్ రెసిడెన్స్ లోపల తిరుగుతుంది. రెండింటికీ ముందే డబ్బు వేసుకుని వాడే నోల్ కార్డు చాలు. స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక పెట్టె ఉంది. మెట్రోలో తినడం, తాగడం చేస్తే 100 దిర్హాముల జరిమానా. నివాస వీసా వచ్చాక భారత లైసెన్సుతో నడపకూడదు. అయితే లైసెన్సు ఉన్నవారు శిక్షణ తరగతులు లేకుండా నేరుగా పరీక్షకు వెళ్ళే అవకాశం ఒక్కసారి ఇస్తారు. అక్కడ బండి రోడ్డుకు కుడివైపున నడుస్తుంది కనుక రెండు మూడు పాఠాలైనా తీసుకుని ఆ అవకాశాన్ని వాడుకోండి.

సముద్రంలో దిగవచ్చా?

సూర్యలంకలోనూ మంగినపూడిలోనూ లోపలికి లాగే అలల గురించి విని పెరిగినవారికి అక్కడి నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ ప్రశాంతతను నమ్మకూడదు. ఎర్ర జెండా ఉంటే దిగకండి. రక్షకులు ఉండే వేళల్లోనే, వాళ్ళ కళ్ళముందే ఈదండి. రాత్రి ఈతకు జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుకీమ్ 1 తీరాల్లో దీపాలు, రక్షకులతో ఏర్పాటు ఉంది.

అమ్మతో రోజూ వీడియోలో మాట్లాడడం కుదురుతుందా? ఫోన్ విషయంలో ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా?

వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గాని వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ సాధారణంగా కలవవు. బొటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లను ఇక్కడి పెద్దవాళ్ళ ఫోన్లలో బయలుదేరే ముందే పెట్టి, ఎలా వాడాలో నేర్పండి. సమయం మనకంటే గంటన్నర వెనక, కనుక రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడివారు చేస్తే ఇక్కడ పది.

ఇతరుల ఫోటోలు అనుమతి లేకుండా తీయడం, సందేశాల్లో తిట్టడం అక్కడ నేరం. ఊరి గుడి జీర్ణోద్ధరణకో, ఎవరి ఆపరేషనుకో గ్రూపులో చందాలు పోగుచేయడం కూడా నేరమే, అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు సేకరించకూడదు. సాయం చేయదలిస్తే మీ సొంత డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా ఇక్కడికి పంపండి. ఊరివాళ్ళు కూడా అక్కడున్న పిల్లలను వసూళ్ళు చేసి పెట్టమని ఒత్తిడి చేయకూడదు.

గుడి, పండగలు, గృహప్రవేశం మాటేమిటి?

జెబెల్ అలీలో 2022 అక్టోబరులో తెరిచిన హిందూ దేవాలయం మెరీనాకు దగ్గర. అబుదాబిలోని బాప్స్ మందిరం 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది. శని, ఆదివారాలు సెలవు కావడంతో ఉగాది, సంక్రాంతి వేడుకలు తెలుగు సంఘాలు ఎక్కువగా వారాంతాల్లో జరుపుతాయి. గృహప్రవేశానికి పాలు పొంగించడం కరెంటు పొయ్యి మీదే చేసుకోవచ్చు. హోమం మాత్రం వద్దు, పొగ పసిగట్టే పరికరం మోగితే భవనమంతా ఖాళీ చేయిస్తారు. అగరొత్తులైనా ఆ పరికరానికి దూరంగా వెలిగించండి.

ఇక్కడి బ్యాంకు ఖాతా, పొలం, అమరావతి ప్లాటు ఏమవుతాయి?

ప్రవాసి అయిన తరవాత మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి. అక్కడి జీతం పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. దానిపై వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీకి పన్ను ఉంటుంది.

గుంటూరు జిల్లా కుటుంబాలకు అతి ముఖ్యమైన నియమం ఒకటుంది: ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదు. వెళ్ళకముందే ఉన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చినదీ ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే భారత్‌లో నివసించే భారతీయ పౌరునికే అమ్మాలి. నివాస, వాణిజ్య ప్లాట్లు కొనుక్కోవడానికి అడ్డు లేదు. రాజధాని భూసమీకరణలో తిరిగి వచ్చిన ప్లాట్ల రిజిస్ట్రేషను కోసం ప్రతిసారీ రాలేనివారు దుబాయ్‌లోని భారత కాన్సులేటు ధ్రువీకరణతో తల్లిదండ్రులకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అధికార పత్రం) పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు వద్ద స్టాంపు సుంకం కట్టించాలి. అన్ని ఆస్తులకూ కలిపి సర్వాధికారాలు ఇచ్చేయకుండా, సర్వే నంబరు, పని పేర్కొంటూ పరిమితంగా రాయించడం కుటుంబ సంబంధాలకూ మంచిది.

ఉద్యోగం పోతే ఏమి చేయాలి?

వీసా రద్దయిన తరవాత దేశంలో ఉండగల గడువు వర్గాన్ని బట్టి మారుతుంది. రద్దు పత్రంపై ఉన్న తేదీనే నమ్మండి. 2023 జనవరి నుంచి నిరుద్యోగ బీమా తప్పనిసరి. మూల వేతనం 16,000 దిర్హాముల వరకు ఉన్నవారికి నెలకు 5 దిర్హాములు, ఆపైవారికి 10. వరసగా 12 నెలలు కట్టినవారికి ఉద్యోగం పోతే మూల వేతన సగటులో 60 శాతం మూడు నెలల వరకు వస్తుంది. స్వయంగా రాజీనామా చేసినవారికి, క్రమశిక్షణ చర్యపై తొలగించినవారికి రాదు.

ఏడాది పూర్తి చేసినవారికి గ్రాట్యుటీ కూడా ఉంటుంది. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, తరవాత ఏడాదికి 30 రోజులు. మూల వేతనం 6,000 అయితే రోజుకు 200 చొప్పున మూడేళ్ళకు 12,600 దిర్హాములు. మొత్తం జీతం ఎక్కువ చూపించి మూల వేతనం తక్కువ రాసిన ఆఫర్ లేఖ వల్ల కలిగే నష్టం ఇక్కడ తెలుస్తుంది.

ఇంటి విషయంలో, ముందే వదిలిపెట్టే నిబంధన ఒప్పందంలో లేకపోతే మిగిలిన చెక్కులు యజమాని చేతిలోనే ఉంటాయి. బౌన్సయిన చెక్కుపై యజమాని నేరుగా అమలు న్యాయస్థానానికి వెళ్ళవచ్చు, ప్రయాణ నిషేధం కూడా పడవచ్చు. అందుకే ఒప్పందం చేసుకునే రోజునే 'రెండు నెలల నోటీసు, రెండు నెలల అద్దె జరిమానాతో ఖాళీ చేయవచ్చు' అనే నిబంధన రాయించుకోవాలి. సముద్రం వైపు కిటికీ కోసం దీన్ని వదులుకునేవారికి నేను ఇల్లు వద్దనే చెబుతాను. పాస్‌పోర్టును ఉద్యోగమిచ్చిన యజమాని అట్టిపెట్టుకోవడం చట్టవిరుద్ధం. జీతం, పాస్‌పోర్టు చిక్కులు వస్తే భారత ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరులో ఫోన్ చేయవచ్చు.

తిరిగి వచ్చేసేటప్పుడు క్రమం ఏమిటి?

ముందు యజమానికి లిఖితపూర్వక నోటీసు, తరవాత దేవా, చిల్లర్ తుది బిల్లులు, వాటి డిపాజిట్ల వాపసు, ఆపైన ఎజారీ రద్దు. కుటుంబ సభ్యుల వీసాలు మీ వీసా కంటే ముందు రద్దు చేయించాలి. క్రెడిట్ కార్డు, అప్పు ఏమీ బాకీ లేదని బ్యాంకు ఇచ్చే లేఖ తీసుకోండి, అది లేకుండా విమానాశ్రయానికి వెళ్ళవద్దు. గ్రాట్యుటీ చేతికి వచ్చేవరకు అక్కడి ఖాతా మూయకండి. పిల్లల టీసీలకు అక్కడి ధ్రువీకరణలు అక్కడే ముగించుకోవాలి. విజయవాడకు వచ్చాక ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను మళ్ళీ నివాసి ఖాతాలుగా మార్పించి, విదేశీ కరెన్సీలోనే దాచుకోదలిచిన సొమ్ముకు ఆర్ఎఫ్‌సీ ఖాతా తెరవవచ్చు.